తగ్గింది ఎంత, తగ్గించింది ఎంత?

ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణం నుంచి ముప్ఫై ఏడేళ్ల గృహిణి రాసిన ఉత్తరమిది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. భర్త దుబాయిలో ఏసీ మెకానిక్. ఇంట్లో ఆమె, అత్తమామలు, ఇద్దరు పిల్లలు. భర్త పంపే డబ్బు మామగారి ఖాతాలో పడుతుంది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన ప్రతి ఒకటో తేదీన ఇంటిఖర్చు లెక్కపెట్టి ఆమె చేతికిస్తారు. 2024 అక్టోబరులో కూరగాయలు మండిపోతున్నప్పుడు ఆ మొత్తాన్ని రూ.16,000కు పెంచింది కూడా ఆయనే. అది సరిగ్గా సరిపోయేది.

2025 సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు మారాయి. 'నిత్యావసరాలు ఇక చౌక' అన్న శీర్షికను ఫోనులో చూపించి, అక్టోబరు నుంచి రూ.14,000 చేశారు. నవంబరులో 'ద్రవ్యోల్బణం 0.25 శాతమే' అన్న వార్త చూశాక, "ఇంకో వెయ్యి తగ్గినా ఇబ్బంది ఉండదు కదా" అన్నారు. దీపావళికి వచ్చిన ఆడపడుచు ఎదుట, "ధరలు తగ్గాయని లోకమంతా అంటోంది, మన ఇంట్లో మాత్రం డబ్బు ఎటు పోతోందో" అన్న మాట ఈమెను ఇప్పటికీ కోస్తోంది. భర్తకు చెప్పబోతే, తెలంగాణలో ధరలు మైనస్‌లోకి వెళ్లాయన్న పాత వార్త ఒకటి పంపి, "నాన్నతో గొడవ పెట్టుకోకు" అన్నాడు. చాలని డబ్బుకు కిరాణా కొట్టులో ఖాతా పెట్టారు. మూడు నెలల్లో బాకీ రూ.4,100 అయింది. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇది కాక, ఫాల్గుణంలో చెల్లెలి పెళ్లికి తులం గొలుసు పెడతామని మాట ఇచ్చారు. 'భారీగా తగ్గిన బంగారం' అన్న వార్త కనిపించినప్పుడల్లా మామగారు "ఇంకా తగ్గుతుంది, ఆగు" అంటున్నారు. "వార్తలు అబద్ధమా, లేక ఇల్లు నడపడం నాకే చేతకావడం లేదా? ఆయనతో ఎలా మాట్లాడాలి?" అని అడిగారు.

సమాధానం:

మీరు ఉత్తరానికి జతచేసిన రెండు కాగితాలు, అంటే 2024 అక్టోబరు చిట్టా, 2025 నవంబరు చిట్టా, లేకపోతే నేను నాలుగు ఓదార్పు మాటలు రాసి ఊరుకునేదాన్ని. అవి ఉన్నాయి కాబట్టి ముందు లెక్క చూద్దాం.

మీ చిట్టా ప్రకారం కూరగాయల మీద నెలకు రూ.700 తగ్గింది. కందిపప్పు కిలో 170 నుంచి 120కి దిగింది, నాలుగు కిలోలకు 200. ఒంటి సబ్బులు, పేస్టు, షాంపూ, నెయ్యి, బిస్కెట్ల మీద 130. మొత్తం 1,030 తగ్గింది. అటువైపు పొద్దుతిరుగుడు నూనె లీటరు 125 నుంచి 155 అయింది, అయిదు లీటర్లకు 150. గుడ్లు రెండు అట్టలకు 90. పాలు లీటరుకు రెండు రూపాయల చొప్పున నెలకు 90. గ్యాస్ బండకు 50. ఇవి 380. తీసివేస్తే మీ ఇంటిఖర్చు నెలకు నిజంగా తగ్గింది రూ.650. మామగారు తగ్గించింది రూ.2,000.

ఇంకో అడుగు వేయండి. మూడు నెలల్లో మీ చేతికి తక్కువ వచ్చింది 6,000. ధరలు తగ్గి మీకు కలిసివచ్చింది 1,950. తేడా 4,050. మీరు దాచిపెట్టిన బాకీ 4,100! మీ చేతకానితనం ఈ లెక్కలో ఎక్కడా కనిపించడం లేదు. మూడు నెలల్లో యాభై రూపాయలు అటూ ఇటూ కాని ఇల్లు నేనైతే చూడలేదు.

అయితే ఆ 650ని మీరు కూడా ఒప్పుకోవాలి. మీ ఉత్తరంలో "ఒక్క పైసా తగ్గలేదు" అని రాశారు. అది కోపంలో రాసిన మాట. కూరగాయలు, పప్పు తగ్గాయని మీ చేతిరాతే చెబుతోంది. "ఏమీ తగ్గలేదు" అని మీరు, "అన్నీ తగ్గాయి" అని ఆయన పట్టుబడితే, ఇద్దరి మధ్యా ఫోనులోని శీర్షిక పెద్దమనిషి అయి కూర్చుంటుంది.

ఇక ఆ 0.25 శాతం సంగతి. జాతీయ గణాంక కార్యాలయం నవంబరు 12న విడుదల చేసిన అంకె అది. 2025 అక్టోబరుది. 2012 ఆధార సంవత్సరంగా లెక్కకట్టిన వినియోగదారుల ధరల సూచీలో అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదన్నది నిజం. కానీ ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ఏడాది కిందటితో పోలిస్తే ధర పెరిగిన వేగం. 0.25 శాతం అంటే తగ్గడం కాదు, అతి కొద్దిగా పెరగడం. మామగారి శీర్షికను అక్షరాలా నమ్మినా, ఏడాది కింద 16,000 అయిన ఖర్చు ఇప్పుడు 16,040 కావాలి. దాన్ని చూపించి వెయ్యి తగ్గిస్తానంటే ఏ లెక్కా ఒప్పుకోదు. మీవారు పంపిన మైనస్ వార్త 2025 జూన్ నెలది. అప్పుడు తెలంగాణలో అది మైనస్ 0.93 శాతం. దాని ప్రకారం 16,000 మీద తగ్గవలసింది 149 రూపాయలు.

అంత తక్కువ అంకె ఎలా వచ్చిందో కూడా చూడండి, మామగారికి చెప్పడానికి పనికొస్తుంది. 2024 అక్టోబరులో దేశంలో కూరగాయల ధరలు అంతకు ముందటి ఏడాదికన్నా 42 శాతం ఎక్కువ. 2025 అక్టోబరులో ఆ ఎత్తు నుంచి 27 శాతానికి పైగా దిగాయి. అంటే 2023లో వంద రూపాయల కూర 2024లో 142 అయింది, 2025లో 103కి వచ్చింది. శీర్షిక రాసేవారికి 142 నుంచి 103 దాకా దిగిన భాగమే కావాలి. అదే నెల నూనెలు, కొవ్వుల ధరలు 11 శాతం పైగా పెరిగాయి. సగటులో అవి కనిపించవు, మీ మూకుడులో కనిపిస్తాయి. ఆహార పదార్థాల సూచీ ఒక్కటే తీసుకుంటే అయిదు శాతం తగ్గింది. మీ చిట్టాలో తగ్గుదల నాలుగు శాతం. అంటే ప్రభుత్వ లెక్కకూ మీ నోటుపుస్తకానికీ పెద్ద పేచీ లేదు. పేచీ అంతా శీర్షికతోనే.

జీఎస్టీ మాట. సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. 'పదమూడు శాతం చౌక' అని రాసినవారున్నారు. పన్నుతో 118 ఉన్నది 105 అవుతుంది, అది 11 శాతం. నెయ్యి మీద 12 నుంచి 5 అయింది, అంటే దాదాపు ఆరు శాతం. బట్టల సబ్బు, సర్ఫు పొడి మాత్రం 18లోనే ఉండిపోయాయి. వంటనూనె, పంచదార, టీపొడి ముందునుంచీ 5 శాతంలోనే ఉన్నాయి, అక్కడే ఉన్నాయి. 'పాల ధరలు తగ్గుతాయి' అన్న వార్తను మీరు ప్రత్యేకంగా ప్రస్తావించారు. పన్ను తీసేసింది చాలా రోజులు నిలవ ఉండే టెట్రా ప్యాకు (యూహెచ్‌టీ) పాల మీద. మనం రోజూ కొనే ప్యాకెట్ పాల మీద అసలు పన్నే లేదు, తీయడానికి ఏముంటుంది? ఈ గందరగోళం చూసి అమూల్ వాళ్లే ప్యాకెట్ పాల ధరలో మార్పు ఉండదని వివరణ ఇవ్వవలసి వచ్చింది. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ విషయంలో చాలా కంపెనీలు ధర అలాగే ఉంచి బరువు పెంచాయి. పిల్లలకు రెండు బిస్కెట్లు ఎక్కువ వచ్చి ఉండవచ్చు, మీ చేతిలో రూపాయి మిగలదు.

మిగతా శీర్షికలనూ ఇలాగే విప్పవచ్చు. ఒకటో తేదీన వచ్చే 'తగ్గిన గ్యాస్ సిలిండర్ ధర' ఎక్కువసార్లు హోటళ్లు వాడే 19 కిలోల బండది. ఫొటో మాత్రం ఇంటి ఎర్ర బండదే వేస్తారు! ఇంట్లో వాడే 14.2 కిలోల బండ మీద 2025 ఏప్రిల్ 8 నుంచి యాభై పెరిగింది. అదే సమయంలో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రెండు రూపాయల ఎక్సైజ్ సుంకం పెంచారు. 'పెట్రోలు ధర పెంపు' అని ఫోన్లు మోగాయి, కానీ ఆ భారాన్ని చమురు కంపెనీలే భరించడంతో బంకులో ధర మారలేదు. 'కిలో టమాటా రూపాయి' అనేది పత్తికొండ మార్కెట్ యార్డులో రైతు కన్నీళ్ల ధర. మీ వీధిలో తోపుడుబండి వాడు రూపాయికి ఇవ్వడు, ఇవ్వలేడు. వీటిలో పచ్చి అబద్ధం తక్కువ. ఎవరికి, ఏ సరుకుకు, ఎక్కడ అన్న మూడు మాటలు శీర్షికలోంచి జారిపోయి ఉంటాయి. అవి ఉంటే ఎవరూ నొక్కరు మరి. 'తగ్గనున్నాయి', 'తగ్గే అవకాశం', చివర ప్రశ్నార్థకం ఉన్నవైతే వార్త కూడా కాదు, ఊహ.

ఇప్పుడు మామగారి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం చదివితే ఆయన పిసినారి అనిపించలేదు. ధరలు పెరిగినప్పుడు అడగకుండానే పెంచిన మనిషి. కొడుకు ఎండలో సంపాదించిన డబ్బు తన చేతిమీదుగా పోతోందన్న భారం ఆయనకు ఉంది. ముప్ఫై ఏళ్లు సంచిలో చిల్లర లెక్క అప్పగించిన అలవాటూ ఉంది. తెలియని అంకెను ఫోనులోంచి తీసుకుని, తెలిసిన మనిషిని నమ్మకపోవడమే ఆయన పొరపాటు. అది చిన్న పొరపాటని నేను అనను. మీ ముందున్న దారులు చెబుతాను. ఏది నడవగలరో మీ ఇంటి వాతావరణం మీకే తెలుసు.

ఇప్పుడు చేస్తున్నట్లే ఖాతా రాయిస్తూ నెట్టుకురావడం ఒకటి. ఇంట్లో ఈ పూటకు శాంతి ఉంటుంది. కానీ నెలకు 1,350 చొప్పున బాకీ పెరుగుతుంది. కొట్టువాడు ఏదో ఒక రోజు మామగారిని బజారులో పలకరిస్తాడు. ఆ నోట ఆయన విన్నారంటే ఇన్నాళ్లూ లేని రుజువు ఆయనకు దొరికినట్లే. బాకీ తప్పు కాకపోయినా, దాచడం తప్పుగా నిలబడుతుంది. నాలుగింటిలో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే.

రెండోది, లెక్కతో నేరుగా ఆయన దగ్గర కూర్చోవడం. ఇది ఎంచుకుంటే 650 తగ్గిందన్న మాటతో మొదలుపెట్టండి. "మామయ్యా, మీరన్నట్లు కొన్ని తగ్గాయి, ఎంత తగ్గాయో రాశాను చూడండి" అంటే ఆయన చెవి మీ వైపు తిరుగుతుంది. బాకీ సంగతి అదే కూర్చోవడంలో మీ నోటితోనే చెప్పండి. 16,000 అడగకండి, 15,350 అడగండి. అంత కచ్చితమైన అంకె అడిగిన మనిషిని కండక్టరు తేలిగ్గా తీసివేయలేరు. శీర్షికల గురించి వాదన వస్తే, 'బస్సు ఛార్జీలు తగ్గాయి' అన్న వార్త చూసి పల్లెవెలుగు ప్రయాణికుడు తక్కువ చిల్లర ఇస్తే ఆయన ఏమడిగేవారో అడిగి చూడండి. ఏ బస్సుకు, ఏ స్టేజీ నుంచి అనేగా? ప్రమాదం లేకపోలేదు. ఆయన ప్రతి పద్దునూ తవ్వవచ్చు, గుడ్లు రెండు అట్టలెందుకు అనవచ్చు. పిల్లల తిండి విషయంలో వెనక్కి తగ్గవద్దు, మిగతావాటిలో కొంత విని ఊరుకోవచ్చు.

మూడోది, "ఒక నెల మీరే సరుకులు తెండి" అని సంచి ఆయన చేతికివ్వడం. చాలామంది ఇదే సలహా ఇస్తారు, వినడానికి బాగుంటుంది కూడా. నాకు అంత ఇష్టం లేదు. కోపంగా ఇస్తే అది సవాలు అవుతుంది. గెలవడం కోసం ఆయన నాసిరకం తేవచ్చు, ఆ నెల పస్తులున్నట్లు గడిచి "చూశావా, సరిపోయింది" అనవచ్చు. లేదా ఆయనకు ఆ పని నచ్చి, మీ చేతిలో ఉన్న ఆ కాస్త పెత్తనమూ పోవచ్చు. దీనికన్నా మెత్తనిది ఒకటుంది. ఆయనకు తీరిక ఉంది, నడక ఇష్టమని రాశారు. వారానికోసారి రైతుబజారుకు వెళ్లి, అక్కడ బోర్డు మీద రాసిన ధరలు మీ నోటుపుస్తకంలో రాసి పెట్టమనండి. వార్త చూసిన రోజే పక్కన కొట్టు ధర కూడా రాయమనండి. ఫోను చదివే అలవాటు పోదు కానీ, చదివిందాన్ని సరిచూసే అలవాటు పట్టుబడవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా నిత్యావసరాల చిల్లర ధరలు, టోకు ధరలు రోజూ విడివిడిగా ప్రకటిస్తుంది. పిల్లల్లో పెద్దవాడు ఆయనకు చూపించగలడు.

నాలుగోది, ఇంటిఖర్చు నేరుగా మీ ఖాతాకే పంపమని మీవారిని అడగడం. అడగడానికి మీకు హక్కుంది, ఇందులో సందేహం వద్దు. చాలా ఇళ్లలో ఇది ఎప్పుడో జరగవలసిన పని. కాకపోతే పెద్దాయన దాన్ని తన మీద వేసిన తీర్పుగా తీసుకుంటారు. మీవారు దుబాయిలో ఉంటారు, ఆ మౌనంతో రోజూ ఒకే కప్పు కింద ఉండవలసింది మీరు. అందుకని మొదటి మాట ఇదే కానవసరం లేదు. రెండో దారి విఫలమైతే ఇదుంది. ఈలోపు మీవారికి రెండు చిట్టాల ఫొటోలు, అడుగున 650, 2,000 అన్న రెండు అంకెలు పంపండి. వార్తకు వార్తతో జవాబు వద్దు. ఆయన మీ పక్షమో నాన్న పక్షమో తేల్చమని అడగవద్దు. 15,350కి తన మాట ఒకటి కలపమనండి, చాలు.

దీపావళి నాటి మాటను మాత్రం ఈ లెక్కలతో కలపకండి. మీరు లెక్క గెలిచినా ఆ గాయం మానదు. డబ్బు విషయం తేలాక, వేరే రోజున, "అక్క ముందు ఆ మాట అన్నందుకు బాధ కలిగింది మామయ్యా" అని ఒక్క వాక్యం చెప్పండి. ఆయన క్షమాపణ అడుగుతారని ఆశ పెట్టుకోవద్దు. ఆ తరం మగవాళ్లు సాధారణంగా ఏదో పండో, మీకిష్టమైన మిఠాయో తెచ్చిపెట్టి ఊరుకుంటారు. అది చాలో చాలదో మీరు నిర్ణయించుకోండి. ఒకవేళ మీ అత్తగారు ఆ మాటకు అప్పుడే అడ్డుపడి ఉంటే, ఆవిడను ముందుగా కలుపుకోవడం మంచిది. ఉత్తరంలో ఆవిడ గురించి ఒక్క ముక్కే రాశారు.

బంగారం. ఇక్కడ శీర్షికల చేతివాటం ఇంకా ఎక్కువ. 'ఒక్కరోజే తొమ్మిది వేలు తగ్గిన పసిడి' అని ఉంటుంది. లోపలికి వెళితే అది వంద గ్రాముల లెక్క. తులానికి తొమ్మిది వందలు. పైగా శీర్షికలో ధర 24 క్యారెట్లది, మీరు కొనే గొలుసు 22 క్యారెట్లది. 2025 ఏప్రిల్ 22న తులం లక్ష తాకింది, దీపావళికి ముందు లక్షా ముప్ఫై వేలు దాటింది. మధ్యలో 'భారీ పతనం' శీర్షికలు ఎన్నో వచ్చాయి. ఒక్కొక్క పతనాన్నీ నమ్మి ఆగినవారు చివరికి ఎక్కువకే కొన్నారు. మూఢంలో కొనేవాళ్లుండరు కాబట్టి తగ్గుతుందని మామగారు అన్నారట. బంగారం ధరను నడిపేవి ప్రపంచ మార్కెట్టు, డాలరుతో రూపాయి మారకం, దిగుమతి సుంకం. మన మూఢం సంగతి వాటికి తెలియదు.

రేపు ఎటు పోతుందో నేను చెప్పలేను, చెప్పేవారిని నమ్మవద్దు. ఇప్పుడే తులం మొత్తం కొంటే మనసు కుదుటపడుతుంది, తగ్గితే కొంచెం నొప్పి. సగం ఇప్పుడు సగం తర్వాత అనుకుంటే రెండు వైపులా నష్టం సగమే, కానీ గొలుసును రెండు ముక్కలుగా కొనలేరు. నాణెం కొని తర్వాత గొలుసు చేయిస్తే తరుగు, మజూరీ ఎలాగూ పడతాయి. కొన్ని దుకాణాల్లో అడ్వాన్సు కట్టి ఆనాటి ధర ఖాయం చేసుకునే వీలుంటుంది. ఎంత శాతం కట్టాలి, ఎన్నాళ్లలో తీసుకోవాలి, తీసుకోకపోతే ఏమవుతుంది అన్నవి రసీదు మీద రాయించుకున్నాకే కట్టండి. లేదంటే చెల్లెలితో మాట్లాడి తులాన్ని ముప్పావు తులం చేయడం. ఇప్పటి ధరల్లో అందులో నామోషీ లేదు.

ఇంకో సంగతి మామగారికి తప్పక చెప్పండి. 22 క్యారెట్ల తులం ఉజ్జాయింపుగా లక్షా ఇరవై వేలనుకుంటే, తరుగు పది శాతమైతే పన్నెండు వేలు. దాని మీద, బంగారం మీద కలిపి 3 శాతం జీఎస్టీ. తరుగు దగ్గర రెండు శాతం బేరమాడితే 2,400 మిగులుతుంది. శీర్షిక కోసం రెండు నెలలు కాచుకుని సంపాదించే తొమ్మిది వందలకన్నా అది ఎక్కువ. బేరం ఆడే పని ఆయనకే అప్పగించండి, బాగా ఆడతారని నాకు అనిపిస్తోంది.

ఎప్పుడు మాట్లాడాలన్నది మిగిలింది. సంక్రాంతికి ఆడపడుచు వస్తారని రాశారు. ఆవిడ ఇంట్లో ఉన్న రోజుల్లో ఈ ప్రస్తావన తేవద్దు, మళ్లీ నలుగురి ముందు పంచాయితీ అవుతుంది. పండుగ సరుకులకు చీటీ రాసే రోజు మంచిది. ఎలాగూ డబ్బు మాట వస్తుంది, ఎలాగూ ఆయన కళ్లజోడు పెట్టుకుని కూర్చుంటారు. కిరాణా కొట్టుకు ఆ చీటీ వెళ్లేలోగా బాకీ సంగతి ఆయనకు తెలిసి ఉండాలి.